గాయపడ్డవాడి తండ్రి పేరు

మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక ఇంగ్లీషు ప్రభుత్వం మన దేశంలో చాలా ఊళ్లలో రాతిపలకలు పెట్టించింది. ఈ ఊరి నుంచి యుద్ధానికి ఎంతమంది వెళ్లారు, వాళ్లలో ఎంతమంది చనిపోయారు. ఆ పలకలు చెప్పేది ఈ రెండు అంకెలే. పేర్లుండవు. మూడో అంకె అసలే ఉండదు. వెళ్లినవాళ్లు లెక్కకొచ్చారు, చచ్చినవాళ్లు లెక్కకొచ్చారు. కాలు పోగొట్టుకుని వచ్చినవాడు, విషవాయువు పీల్చి జీవితమంతా దగ్గుతూ బతికినవాడు, రాత్రిళ్లు ఉలిక్కిపడి లేచి అరిచేవాడు, వీళ్లకు రాయి లేదు. వీళ్లకు మిగిలింది కాగితం. ఆస్పత్రి రిజిస్టరు, పెన్షన్ ఫైలు, రెజిమెంటు రోల్.

ఆ కాగితంలో మాత్రం రాయి మీద లేని సంగతి ఒకటుంది. ఇల్లు. చచ్చినవాడి పేరు చెక్కడానికి ఇల్లు అక్కర్లేదు. గాయపడ్డవాడికి పెన్షన్ ఇవ్వాలంటే, రేపు అతను పోతే రావాల్సింది ఎవరి చేతిలో పెట్టాలో తెలియాలంటే తండ్రి పేరు కావాలి, భార్య కావాలి, పిల్లలు కావాలి, ఊరూ కులమూ కావాలి. సిపాయి ఇంటి గుమ్మం దాకా సైన్యం కాగితం నడిచొచ్చింది గాయం వల్లే.

ఇప్పుడు ఆ పాత కాగితాలను దుమ్ము దులిపి తిరగరాస్తున్నారు. పంజాబు జిల్లాల నుంచి ఆ యుద్ధానికి వెళ్లిన 3,20,000 మంది సైనికుల రిజిస్టర్లు దాదాపు వందేళ్లు లాహోర్ మ్యూజియంలో పడి ఉన్నాయి. ఊరివారీగా, సిపాయి పేరు పక్కన తండ్రి పేరు, కులం, రెజిమెంటు రాసిన రిజిస్టర్లు. 2021లో వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించి జనానికి అందుబాటులో పెట్టడం మొదలైంది. ఇలాంటి పనులు ఇంకా జరుగుతున్నాయి, జరుగుతాయి. పాత చేతిరాత చదివి గడిగడికీ తిరగరాసే ప్రతివాడికీ మొదటి పేజీలోనే ఒక ప్రశ్న అడ్డమొస్తుంది. గాయపడ్డవాడి కుటుంబం వివరాలు రాయాలా? తండ్రి పేరు రాయాలా? భార్య పేరు? మతం, కులం? అతనికి తగిలిన గాయం ఏమిటో, పట్టిన జబ్బు ఏమిటో లోకానికంతా చెప్పాలా? చెబితే ఎవరి కోసం?

సంతబొమ్మాళి మండలంలో సముద్రం ఒడ్డున మూలపేటలో కూర్చుని ఈ దూరపు రిజిస్టర్ల గొడవ మీకెందుకని అడగొచ్చు. కారణాలున్నాయి. టెక్కలి నుంచి పలాస మీదుగా కవిటి, కంచిలి దాకా ఈ ఉద్దానం సీమ సైన్యానికి పిల్లల్ని పంపే సీమ. కొబ్బరీ జీడీ ఉన్న నేలే. కానీ 2013లో పైలీన్, 2018లో తిత్లీ వచ్చి తోటల్ని పడగొట్టాయి. కిడ్నీ జబ్బు ఇళ్లను పీల్చేసింది. కుర్రాడికి మిలట్రీలో ఉద్యోగం వచ్చిందంటే ఇల్లు నిలబడినట్టే. కాబట్టి సైన్యం కాగితం మాకు చరిత్ర మాత్రమే కాదు. పక్కింటి పెద్దమ్మ ట్రంకుపెట్టెలో మడతపెట్టి దాచుకున్న పెన్షన్ కాగితం కూడా అదే.

ఇంకొకటి, పోర్టు. 2023 ఏప్రిల్‌లో మూలపేట పోర్టుకు శంకుస్థాపన జరిగింది. మూలపేట, విష్ణుచక్రం ఊళ్ల జనం పేర్లు పునరావాస జాబితాలకెక్కాయి. కుటుంబం అంటే ఎవరు, పెళ్లికాని పెద్దకొడుకు వేరే కుటుంబమా కాదా, చెన్నైకో ముంబైకో వలసపోయినవాడు లెక్కలోకి వస్తాడా రాడా? కుటుంబం గడిలో పడే ఒక్క అక్షరం మనిషి బతుకుని ఎటు తిప్పుతుందో ఈ తీరానికి ఒకరు నేర్పక్కర్లేదు.

ఇక మేము. శ్రీకాకుళం జిల్లాలో ముస్లింలు నూటికి ఒకరు కూడా లేరు. గోల్కొండ ఫౌజ్‌దార్లు ఏలిన చికాకోల్ ఇదేనని పుస్తకాల్లో చదువుతాం గానీ, ఇవాళ జనాజా లేస్తే వెనక నడిచేది పిడికెడు మందిమే. ఇంత తక్కువమంది ఉన్నచోట లెక్కలో ఉండటం అంటే ఏమిటో, లెక్కకు దొరికిపోవడం అంటే ఏమిటో రెండూ తెలుస్తాయి. మా మాట ఆ రెండింటి మధ్య నుంచి వస్తోంది.

ముందు ఆ గడులు ఎలా పుట్టాయో చూడాలి. పాత మద్రాసు సైన్యంలో సిపాయిలు ఇంటిని ఊళ్లో వదిలి వెళ్లేవాళ్లు కారు. బెంగాల్ సిపాయికీ మద్రాసు సిపాయికీ పెద్ద తేడా ఇదే. ఇక్కడ పెళ్లాం, పిల్లలు, ముసలి తల్లి పటాలం వెంటే నడిచేవాళ్లు. సిపాయి లైన్లలోనే కాపురం. కొడుకు కాస్త ఎదిగితే 'రిక్రూట్ బాయ్' అని రాసుకుని చిన్న జీతంతో చేర్చుకునేవాళ్లు. తెలుగువాళ్లు, తమిళులు, ముస్లింలు అందరూ అలాగే బతికారు. సముద్రం దాటి యుద్ధానికి పంపితే ఇక్కడ మిగిలినవాళ్లకు జీతంలో భాగం ఎవరి చేతికివ్వాలి? ఆ అవసరం కొద్దీ కుటుంబం కాగితంలోకి వచ్చింది. ఇవాళ్టి సైన్యంలో దాన్ని 'కిండ్రెడ్ రోల్' అంటున్నారు. జవాను పెళ్లి చేసుకుంటే, బిడ్డ పుడితే 'పార్ట్ టూ ఆర్డర్' పడాలి. పడకపోతే ఆ భార్య సైన్యం కళ్లకు భార్య కాదు, ఆ బిడ్డ బిడ్డ కాదు. రోల్‌లో పేరుకీ ఆధార్‌లో పేరుకీ ఒక్క అక్షరం తేడా వస్తే ఒక ముసలమ్మ ఎన్ని బస్సులెక్కాలో ఉద్దానంలో ఏ ఇంట్లో అడిగినా చెబుతారు.

కుటుంబం గడి ఖాళీగా ఉంటే ఏమవుతుందో మా పక్కనే ఉన్న విశాఖపట్నం చెబుతుంది. 1780 అక్టోబరులో హైదరాలీ మీద యుద్ధానికి ఓడెక్కి మద్రాసు వెళ్లమంటే అక్కడి సిపాయిలు ఎదురుతిరిగారు. ముగ్గురు ఇంగ్లీషువాళ్లు చనిపోయారు. తిరుగుబాటుకు నాయకుడు సుబేదార్ షేక్ మొహమ్మద్. పట్టుకుని ఫిరంగికి కట్టి పేల్చేశారు. విశాఖ పాత యూరోపియన్ శ్మశానంలో ఇప్పటికీ ఒక స్తంభం ఉంది. చనిపోయిన ఆ తెల్లవాళ్ల జ్ఞాపకానికి. ఎవరి బిడ్డలు వాళ్లకు ముఖ్యం, తప్పు పట్టం. కానీ షేక్ మొహమ్మద్ ఎవరి కొడుకు? ఓడెక్కనని మొండికేసిన ఆ సిపాయిల ఇళ్లు ఏ వాడలో ఉండేవి? వాళ్లు వదిలి వెళ్లలేనిది ఏమిటి? కుటుంబం తెలిస్తే తిరుగుబాటు అర్థమవుతుంది. తెలియకపోతే పాలకుల మాటే చివరి మాట అవుతుంది, అది కేవలం దుర్మార్గుల దౌర్జన్యంగా మిగిలిపోతుంది.

మరైతే అన్నీ రాసెయ్యడమే కదా? ఇక్కడే చిక్కు. ఆ గడుల్ని గీసిన చేతికి సిపాయి ఇంటి మీద ప్రేమేం లేదు. తండ్రి పేరు, కులం, మతం అడిగింది డబ్బు సరిగ్గా చేర్చడానికి కొంత, మనుషుల్ని జాతులుగా వేరు చేసి తూకం వెయ్యడానికి కొంత. 1881 నుంచి 1885 దాకా మద్రాసులో, ఆ తర్వాత 1893 దాకా దేశమంతటికీ సర్వసేనానిగా ఉన్న రాబర్ట్స్ దొర దక్షిణాదివాళ్లు యుద్ధానికి పనికిరారని తేల్చాడు. వీరజాతులు ఉత్తరాన పుడతాయన్నాడు. ఆ తూకంలో తెలుగువాళ్లు ఓడిపోయారు, మద్రాసు పటాలాల ముస్లింలూ ఓడిపోయారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పాత మద్రాసు పటాలాలెన్నో పేరు మార్చుకుని పంజాబీ పటాలాలయ్యాయి. అందులోని మన మనుషులు ఇంటికొచ్చారు. తరాల తరబడి సిపాయి లైన్లలో పుట్టి పెరిగిన కుటుంబాలు బతుకుతెరువు పోగొట్టుకున్నాయి. వాళ్ల చేతకానితనానికి రుజువు ఏ యుద్ధంలోనూ దొరకలేదు. రోల్‌లో కులం గడి ఉంది, అదే చాలింది.

ఇంకా ఘోరమైంది జర్మనీలో జరిగింది. యుద్ధంలో పట్టుబడిన భారతీయ సిపాయిల్ని బెర్లిన్ దగ్గర వూన్స్‌డార్ఫ్‌లో 'అర్ధచంద్ర శిబిరం' అనే క్యాంపులో పెట్టారు. ముస్లిం ఖైదీలను తమవైపు తిప్పుకోవాలని 1915లో అక్కడ చెక్కతో మసీదు కూడా కట్టించారు. తర్వాత పండితులొచ్చి ఖైదీల గొంతులు రికార్డు చేశారు. ప్రతి గొంతుకీ ఒక ఫారం. పేరేమిటి, ఎక్కడ పుట్టావు, తండ్రి ఏ ప్రాంతంవాడు, తల్లి ఏ ప్రాంతంది, మతమేమిటి, చదవడం వచ్చా. సిపాయి అమ్మానాన్నల పుట్టుపూర్వోత్తరాలు అంత శ్రద్ధగా రాసుకున్నది భాషల్నీ జాతుల్నీ నమూనాలుగా పోగెయ్యడానికి. ఆ సిపాయి ఇంట్లోవాళ్లకు ఒక్క కబురు చేర్చడానికి కాదు. గడులు అవే. వాడుక వేరు.

అందుకని మా సెక్యులర్ మిత్రులు ఒక మాటంటారు. "సైనికుడంటే సైనికుడే కదా భాయ్, మళ్లీ మతం ఎందుకు, కులం ఎందుకు? కొత్తగా రాసేటప్పుడైనా ఆ గడులు వదిలెయ్యండి." మంచి మనసుతో అన్న మాటే. కానీ దాని ఫలితం ఎవరి మీద పడుతుందో చూడమంటాం.

కోస్తాలో ముస్లిం పేరు ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోండి. మిగిలినవాళ్లకు ఇంటిపేరుంటుంది. ఇంటిపేరు చెబితే ఊరు తెలుస్తుంది, వంశం తెలుస్తుంది. మాకు రికార్డుల్లో ఇంటిపేరు స్థానంలో పడింది షేక్, సయ్యద్, మొహమ్మద్, పఠాన్. షేక్ ఇమామ్ అంటే ఒక్క పటాలంలోనే పదిమంది. గుమాస్తా ఇంగ్లీషు స్పెల్లింగులో ఆ పదిమంది ఇరవై రకాలు. ఈ ఇమామ్‌ని ఆ ఇమామ్ నుంచి విడదీసేది ఒక్క తండ్రి పేరే. దాన్ని తీసేస్తే మా మనిషి మందలో కలిసిపోతాడు. దూదేకులవాళ్ల సంగతి ఇంకా కష్టం. వాళ్ల పేర్లు చూసి హిందువని ఒకరు, ముస్లిమని ఇంకొకరు రాస్తారు. తండ్రి పేరూ ఊరూ లేకపోతే ఆ మనిషి ఎటూ చెందడు. అందరికీ ఒకే కొలత అంటూ గడి తీసేస్తే, ఇంటిపేరున్నవాడు మిగులుతాడు, లేనివాడు మాయమవుతాడు.

ఇది ఊహ కాదు. ఇరాక్‌లో బస్రా స్మారకం 1929లో కట్టారు. మెసొపొటేమియాలో చనిపోయి సమాధి దొరకని 40,000 మందికి పైగా సైనికుల కోసం. ఇంగ్లీషు సిపాయిల పేర్లు గోడల మీద చెక్కారు. మనవాళ్లలో అధికారుల పేర్లు చెక్కి, మామూలు సిపాయిల్ని ఏ రెజిమెంటు వాళ్లు ఎంతమంది అని అంకె వేసి సరిపెట్టారు. చావులో అందరూ సమానమని, ప్రతి మనిషికీ పేరు ఉండాలని సూత్రం చెప్పుకున్న సంస్థ చేసిన పని అది. 2021లో ఆ సంస్థే, కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్, తన నివేదికలో ఒప్పుకుంది. భారతీయులు, ఆఫ్రికావాళ్లు, ఈజిప్టువాళ్లు కలిపి 45,000 నుంచి 54,000 మందిని సమానంగా స్మరించలేదని, ఇంకా కనీసం 1,16,000 మందికి, బహుశా 3,50,000 మంది దాకా, పేరు పెట్టి స్మారకమే లేదని. చచ్చినవాళ్ల గతి ఇది. గాయపడ్డవాళ్లయితే ఆ కమిషన్ పరిధిలోకే రారు.

మతం గడి సంగతి కూడా చెప్పాలి. గాయపడిన భారతీయ సిపాయిల కోసం 1914 చివర ఇంగ్లండులో బ్రైటన్ రాజభవనాన్ని ఆస్పత్రి చేశారు. హిందువులకూ ముస్లింలకూ వేరు వేరు నీళ్ల కుళాయిలు, కులమతాల వారీగా తొమ్మిది వంటశాలలు. అందులో ఇంగ్లీషువాడి ప్రచారం ఉంది, నిజమే. కానీ మతం రాసి ఉండబట్టే అక్కడ చనిపోయిన హిందూ, సిక్కు సిపాయిలకు కొండ మీద చితి దొరికింది. ముస్లింలకు వోకింగ్ మసీదు దగ్గర ఖబర్ దొరికింది, జనాజా నమాజు దొరికింది. ఊరు కాని ఊళ్లో చచ్చేవాడికి అదేం చిన్న విషయం కాదు. మతం రాయడం పాపం కాదు. దాన్ని ఏం చేస్తామన్నదే ప్రశ్న.

మా సెక్యులర్ మిత్రులతో ఎంత మాట్లాడతామో మా సొంత పెద్దలతోనూ అంత మాట్లాడాలి. వాళ్లనేది ఇంకో రకం. "రాయండిరా, అన్నీ రాయండి. మనోళ్లు ఎంతమంది దెబ్బలు తిన్నారో లెక్కగట్టి చూపించండి. ఈ దేశం కోసం మనమేం చేశామని అడిగేవాళ్ల మొహాన కొట్టండి." ఈ మాట వెనక ఎంత నొప్పి ఉందో మాకు తెలుసు. ప్రతి క్రికెట్ మ్యాచికీ, ప్రతి బాంబు పేలుడుకీ దేశభక్తి సర్టిఫికెట్ చూపమనే కాలంలో పెరిగినవాళ్లం. 1948లో కశ్మీరులో ప్రాణమిచ్చిన బ్రిగేడియర్ ఉస్మాన్ పేరు, 1965లో అసల్ ఉత్తర్ దగ్గర పాకిస్తాన్ ట్యాంకుల్ని పేల్చి ప్రాణమిచ్చిన అబ్దుల్ హమీద్ పేరు ఎన్నిసార్లు చెప్పుకున్నామో లెక్కలేదు. వాళ్ల మీద గౌరవం తగ్గి కాదు, అడిగేవాడికి జవాబుగా చెప్పీ చెప్పీ ఆ పేర్లు అరిగిపోయాయి.

కానీ గాయాన్ని రుజువుగా చూపడంలో రెండు అన్యాయాలున్నాయి. ఒకటి, బస్రాలోనో ఫ్రాన్సులోనో కాలు పోగొట్టుకున్న సిపాయి ఏ దేశం కోసం పోగొట్టుకున్నాడు? ఇంగ్లీషు సామ్రాజ్యం కోసం. ముస్లిం సిపాయిలు కొందరు తుర్కీ ఖలీఫా సైన్యం మీద తుపాకీ పట్టాల్సొచ్చి లోలోపల కుమిలిపోయారు. ఎక్కువమంది పదకొండు రూపాయల జీతం కోసం వెళ్లినవాళ్లు. ఆ గాయం మీద మనం మన జెండా కప్పితే, అతని కష్టాన్ని మరోసారి ఎవరికో వాడుకున్నట్టే. 1914 అక్టోబరులో బెల్జియంలో గాయపడీ తుపాకీ వదలని ఖుదాదాద్ ఖాన్ విక్టోరియా క్రాస్ పొందిన తొలి భారతీయ సిపాయి. 1971లో చనిపోయేనాటికి ఆయన పాకిస్తాన్ పౌరుడు. ఆయన గాయం ఏ దేశభక్తి ఖాతాలో రాస్తారు? దేశం మారింది, సైన్యం మారింది. తండ్రి పేరు ఒక్కటే మారలేదు.

రెండు, రుజువు అడిగేవాడు రుజువు చూసి ఊరుకోడు. అస్సాంలో మహమ్మద్ సనావుల్లా ముప్పై ఏళ్లు సైన్యంలో పనిచేసి 2017లో రిటైరయ్యాడు. 2019 మేలో ట్రిబ్యునల్ ఆయన్ని విదేశీయుడని తేల్చింది. నిర్బంధ శిబిరంలో పెట్టారు. జూన్‌లో హైకోర్టు బెయిలిచ్చాక బయటికొచ్చాడు. ఒక ఆఫీసు ముప్పై ఏళ్లు రాసిపెట్టుకున్న మనిషిని ఇంకో ఆఫీసు ఎరగనంది. అదే ఏడాది ఆగస్టులో వచ్చిన పౌర జాబితాలో 19 లక్షల మందికి పైగా పేర్లు లేవు. అందులో అన్ని మతాలవాళ్లూ ఉన్నారు. అక్కడ జనాన్ని అడిగిందేమిటి? వంశవృక్షం. తండ్రి, తాత, వాళ్ల పేర్ల స్పెల్లింగు. సిపాయిని ఇంటికి చేర్చే గడీ, పౌరుణ్ణి ఇంట్లోంచి బయటికి ఈడ్చే గడీ ఒకటే. ఈ నిజాన్ని పక్కన పెట్టి 'రాయాలి' అన్నా 'వద్దు' అన్నా తేలిక మాటే అవుతుంది.

మరి ఏం చెయ్యాలి? మాకు తోచిన దారి ఒక పాత మాటలో ఉంది. అమానత్. ఒకరు నమ్మి మన చేతిలో పెట్టిన సొమ్ము. దాన్ని వాడుకునే హక్కు మనకు లేదు. ఎవరి కోసం పెట్టారో వాళ్లకు చేర్చే బాధ్యత ఉంది. మా పల్లెల్లో హిందువులు ఇదే సంగతిని 'ఇల్లడ పెట్టిన సొమ్ము' అంటారు. అర్థం తెలియనివాళ్లు లేరు.

ఆ సిపాయి గుమాస్తా ముందు నిలబడి తండ్రి పేరు, భార్య పేరు, ఊరి పేరు ఎందుకు చెప్పాడు? చరిత్ర కోసం కాదు. జాతుల లెక్క కోసం కాదు. కౌమ్ గౌరవం కోసమూ కాదు. నేను లేకపోతే, నాకు చేతకాకపోతే, వీళ్లను చూడండి అని చెప్పాడు. ఆ పేర్లు అందుకోసం మాత్రమే ఇచ్చాడు. వందేళ్ల తర్వాత ఆ కాగితం మన చేతికొస్తే మన పరీక్ష కూడా అదే. ఇప్పుడు నేను రాసే ఈ అక్షరం అతన్ని అతని ఇంటికి చేరుస్తుందా? చేర్చేదైతే రాయాలి. అతన్ని ఏదో ఒక గుట్టలో వెయ్యడానికి మాత్రమే పనికొచ్చేదైతే చెయ్యి ఆపాలి.

ఈ కొలతతో చూస్తే తండ్రి పేరు రాయాల్సిందే. పెంచుకున్న బిడ్డనైనా కన్నతండ్రి పేరుతోనే పిలవాలని, అదే న్యాయమని ఖురాన్ 33వ సూరా చెబుతుంది. నసబ్ చెరిపే హక్కు ఎవరికీ లేదు. గుమాస్తా తప్పు స్పెల్లింగుని మనం దిద్దకూడదు. ఉన్నది ఉన్నట్టు రాసి, ఇది ఫలానా పేరు కావచ్చని పక్కన వేరుగా రాయాలి. 'ఖాదర్'ని మనకిష్టమైన అరబ్బీ ఉచ్చారణలోకి మార్చడం, 'మస్తాన్'ని మరీ ముస్లింలా వినిపించేట్టు సాగదియ్యడం, 'హుస్సేనయ్య' చివర 'అయ్య' తీసెయ్యడం, ఇవన్నీ ఆ మనిషిని మళ్లీ ఇంకొకడి కొలతకి కోసినట్టే. హుస్సేనయ్య అనే పేరులోనే ఈ తీరం చరిత్ర ఉంది. దాన్ని దిద్దాలనుకునేవాళ్లు మాలోనూ ఉన్నారు, బయటా ఉన్నారు.

మతం, కులం గడిలో ఉన్నది ఆ మనిషి కాగితంలో ఉండాలి. దాన్ని విడదీసి, కూడి, వీళ్లింత వాళ్లింత అని పట్టికలు కట్టి ఊరేగించే పని మనది కాదు.

భార్య పేరు సంగతి మాకు మేమే చెప్పుకోవాలి. మా ఇళ్లలో ఆడవాళ్ల పేరు పరాయివాళ్ల ముందు ఎత్తకపోవడం మర్యాద అనుకుంటాం. ఫలానావాడి భార్య, ఫలానావాడి తల్లి అంటాం. పాత కాగితాల్లో చాలాచోట్ల 'వితంతువు' అని ఒక్క మాటే ఉంటుంది, పేరుండదు. తెల్ల గుమాస్తా అడగలేదు, మన మగవాళ్లు చెప్పలేదు. ఇద్దరూ కలిసి ఆమెను చెరిపేశారు. ఎక్కడైనా కాగితంలో ఒక ఫాతిమా, ఒక బీబీజాన్ పేరు మిగిలి ఉంటే పర్దా పేరు చెప్పి దాన్ని వదిలెయ్యడం అమానత్ కాదు. కాలు లేని మొగుడికి నలభై ఏళ్లు అన్నం పెట్టింది ఆమె. ఆ గాయంలో సగం ఆమె మోసింది. ఆమె పేరు గడిలో ఉండాలి.

గాయం సంగతి వేరు. కాలికి తూటా తగిలిందని రాయడంలో ఇబ్బంది లేదు. మతి చెదిరిందని, సుఖవ్యాధి పట్టిందని, యుద్ధం తప్పించుకోవాలని తన చేతిని తనే కాల్చుకున్నాడని కూడా ఆస్పత్రి పుస్తకాల్లో ఉంటుంది. పరిశోధకుడికి అది సమాచారం. ఊళ్లో మనవడికి అది తలవంపు. తోటివాడి లోపాన్ని కప్పమన్నది మా దీన్ నేర్పిన మర్యాద. అసలు కాగితాన్ని చింపమని అనడం లేదు. అది ఉండాలి, చదవాల్సినవాడు వెళ్లి చదవాలి. కానీ పేరుతో, ఊరితో, తండ్రి పేరుతో కలిపి ఆ రోగాన్ని అంగట్లో పెట్టాల్సిన పని లేదు. ఆ యుద్ధంలో భారతీయ సిపాయిలు ఇంటికి రాసిన ఉత్తరాలు సెన్సారు చదివి, ముక్కలు నకలు తీసి పెట్టినందుకే మనదాకా వచ్చాయి. సంగతి దాచుకోవడానికి వాళ్లు నల్లవాళ్ల పటాలాల్ని నల్ల మిరియాలనీ, తెల్లవాళ్లని ఎర్ర మిరపకాయలనీ మారుపేర్లతో రాసుకునేవాళ్లు. అమ్మకు రాసిన మాట దొర చదువుతున్నాడని తెలిసి పడ్డ తంటా అది. వాళ్లు దాచాలనుకున్నది ఒకసారి దొర చదివాడు. రెండోసారి చదివేటప్పుడు మనకు కాస్త బెరుకు ఉండాలి.

చివరగా ఒక పని చెబుతాం, మాటలు కాదు. ఎవరు ఏ ఊరి సిపాయిల జాబితా తిరగరాసినా, అచ్చుకి ఇవ్వకముందు ఆ ఊరికి తీసుకెళ్లండి. రామాలయం అరుగు మీద చదవండి, శుక్రవారం నమాజు అయ్యాక మసీదు ముందు చదవండి, చర్చి మెట్ల మీద చదవండి. ఫలానా తండ్రి కొడుకు, ఫలానా ఏడు, ఫలానా చోట గాయపడ్డాడని గట్టిగా చదవండి. ఎవరో ఒక ముసలాయన లేచి, "ఆడు మా తాతరా బాబూ, కుంటి తాత అనేవాళ్లం, ఆ కాలెలా పోయిందో ఎవుడూ చెప్పనేదు" అంటాడు. ఇంకొకరు లేచి, "మా ముత్తాత సంగతి రాయకండి" అని కూడా అనొచ్చు. ఆ రెండో మాటకీ మనం తలొంచాలి. వారసులెవరూ దొరకకపోతే ఊరే వారసురాలు.

అప్పుడు ఆ పేర్లను ఎవరి కోసం రాశామని ఎవరైనా అడిగితే, సిపాయి గుమాస్తాకి చెప్పిన జవాబే మనమూ చెప్పగలుగుతాం. మా ఇంటివాళ్ల కోసం.